అంచు చెప్పిన సాక్ష్యం: మూడు స్పానిష్ వెండి డాలర్ల పరిశీలన

కాకినాడ ప్రాంతానికి చెందిన ఒక కుటుంబం తమ పాత భోషాణంలో ఉన్న మూడు పెద్ద వెండి నాణేలను పరిశీలన కోసం నాకు అప్పగించింది. మూడింటి మీదా ఒకే తరహా బొమ్మ ఉంది: తలకు ఆకుల దండ కట్టుకుని కుడివైపు చూస్తున్న రాజు, చుట్టూ లాటిన్ అక్షరాలు, అడుగున సంవత్సరం. బొరుసు వైపు కిరీటం కింద కోటలు, సింహాలు చెక్కిన డాలు, దానికి అటూ ఇటూ రెండు స్తంభాలు. ఇవి స్పెయిన్ సామ్రాజ్యం అమెరికా ఖండంలో కొట్టించిన ఎనిమిది రెయాళ్ల నాణేలు. వ్యాపార లోకం వీటిని స్పానిష్ డాలర్లని పిలిచింది. ముత్తాతగారు బర్మాలో వ్యాపారం చేసి వీటిని తెచ్చారని ఆ ఇంట్లో తరతరాలుగా చెప్పుకుంటున్నారు. ఇవి అసలైనవేనా, ముత్తాతగారి కథకు వీటిలో ఏమైనా ఆధారం ఉందా, అమెరికాలో స్థిరపడిన కొడుకు వీటిలో ఒకదాన్ని తనతో తీసుకువెళ్లవచ్చా అన్నవి వారి సందేహాలు.

స్పానిష్ డాలరు చేతికి రాగానే చాలామంది సేకర్తలు ముందు సంవత్సరం చదువుతారు, తర్వాత రాజు ముఖం ఎంత స్పష్టంగా ఉందో చూస్తారు, ముఖం అరగకుండా ఉంటే సంతోషిస్తారు. నేను ఈ క్రమాన్ని తిరగేసి పనిచేస్తాను. ముందు అంచు, తర్వాత తూకం, ఆ తర్వాత లోహం, అన్నిటికంటే చివర బొమ్మా అక్షరాలూ. నకిలీ తయారుచేసేవాడు తన శ్రద్ధంతా ముఖం మీదే పెడతాడన్నది ఇందుకు ఒక కారణం. అంతకంటే ముఖ్యమైనది, ఈ నాణెం మూడు శతాబ్దాల పాటు ప్రపంచమంతటా చెల్లుబాటు కావడానికి ఆధారం దాని అంచూ తూకమూ మేలిమీ మాత్రమే. రాజెవరో తెలియని దేశాల్లో కూడా షరాబులు, అంటే నాణేలు పరీక్షించి మార్చే వర్తకులు, వాటిని పరీక్షించి పుచ్చుకున్నారు. ఈ మూడు నాణేల పరిశీలన ఆ క్రమంలోనే సాగింది కాబట్టి ఇక్కడ కూడా అదే వరుసలో వివరిస్తాను.

అంచు

మొదటి నాణేన్ని నిలబెట్టి పట్టుకుని, భూతద్దం కింద వేళ్ల మధ్య నెమ్మదిగా తిప్పుతూ చూశాను. అంచు పొడవునా ఒక వలయం, దాని పక్కన ఒక దీర్ఘచతురస్రం, మళ్లీ వలయం, ఇలా ఒకే నమూనా సాగుతోంది. ఒక చోట మాత్రం ఆ వరుస చెదిరింది: వలయం మీదికి దీర్ఘచతురస్రం ఎక్కి, రెండు గీతలూ కలిసిపోయాయి. ఆ చోటికి సరిగ్గా ఎదురుగా, నాణెం అవతలి పక్కన, అలాంటి అతుకే ఇంకొకటి ఉంది. మధ్యలో ఎక్కడా తప్పు లేదు. రెండు అతుకులు ఎదురెదురుగా ఉండటం చూడగానే నా అనుమానం చాలావరకు తీరింది. ఆ అతుకులు ఎలా ఏర్పడతాయో తెలిస్తే వాటి విలువ అర్థమవుతుంది.

1497లో స్పెయిన్ పాలకులు ఇసబెల్లా, ఫెర్డినాండ్ చేసిన శాసనం ఒక మార్కు వెండి నుంచి, అంటే సుమారు 230 గ్రాముల నుంచి, 67 రెయాళ్లు కొట్టాలని నిర్ణయించింది. ఆ లెక్కన రెయాల్ ఒక్కొక్కటి 3.43 గ్రాములు తూగింది, ఎనిమిది రెయాళ్ల బిళ్ల 27 గ్రాములు దాటింది. మెక్సికో నగరంలో టంకశాల పెట్టడానికి 1535లో ఆజ్ఞ వెలువడింది. 1545లో నేటి బొలీవియాలోని పొటోసీ కొండలో, ఆ మరుసటి సంవత్సరం మెక్సికోలోని జకటేకాస్‌లో వెండి బయటపడ్డాక ఈ నాణేల ఉత్పత్తికి హద్దు లేకుండా పోయింది. 1554లో మెక్సికోలోని పచూకాలో బార్తొలొమే ది మెదీనా అనే వ్యాపారి పాదరసంతో ఖనిజం నుంచి వెండిని వేరుచేసే పద్ధతిని అమలులో పెట్టాడు. 1570లలో పెరూ వైస్రాయ్ ఫ్రాన్సిస్కో ది తొలేదో స్థానిక ప్రజలను ఊళ్ల వంతున గనుల పనికి బలవంతంగా తరలించే ఏర్పాటు చేశాడు. గనుల చీకటిలోనూ పాదరసం విషంలోనూ ఆ మనుషులు పడిన బాధను పక్కన పెట్టి ఈ వెండి చరిత్రను చెప్పడం న్యాయం కాదని నేను నమ్ముతాను.

ఆ తొలి కాలపు నాణేలు గుండ్రనివి కావు. వెండి కడ్డీ నుంచి ముక్కలు నరికి, తూకం సరిపోయేదాకా కత్తిరించి, సుత్తితో ముద్ర వేసేవారు. అంచుకు రూపమంటూ లేనందువల్ల ఎవరైనా కొంచెం గీకి దాచుకున్నా పుచ్చుకునేవాడికి తెలిసేది కాదు. టంకశాలలో జరిగే మోసం ఇంకా పెద్దది. పొటోసీ నాణేలలో వెండి తగ్గించి రాగి కలుపుతున్నారని 1649లో విచారణలో బయటపడింది. వెండి వ్యాపారి ఫ్రాన్సిస్కో గోమెజ్ ది లా రోచాకు 1650లో మరణశిక్ష అమలయింది. పాత నాణేల మీద నమ్మకం పోవడంతో 1652లో ముద్రనే మార్చవలసివచ్చింది.

ఈ రెండు జబ్బులలో మొదటిదానికి మందు 1728 నాటి శాసనంతో దొరికింది. గుండ్రని బిళ్లలను యంత్రంతో తయారుచేసి, అంచు మీద కూడా నమూనా దిద్దాలని అది నిర్దేశించింది. మెక్సికో టంకశాల 1732లో అలాంటి నాణేలను మొదలుపెట్టింది. ముద్ర వేయడానికి ముందు బిళ్లను రెండు ఉక్కు పట్టీల మధ్య నిలబెట్టి దొర్లించేవారు. పట్టీలలో ఒకటి కదలదు, రెండోది ముందుకు జరుగుతుంది. బిళ్ల సగం చుట్టు తిరిగేసరికి ఒక్కో పట్టీ అంచులో సగానికి నమూనా దిద్దేస్తుంది. రెండు సగాలూ కలిసే రెండు చోట్లా నమూనా ఒకదాని మీదికి ఒకటి ఎక్కడమో, కొంచెం ఎడం రావడమో జరుగుతుంది. నమూనా తెగిన అంచును షరాబు వెంటనే పట్టేస్తాడు కాబట్టి గీకుడు వృత్తి అక్కడితో మూలపడింది. నేటి పరిశీలకుడికి ఆ రెండు అతుకులు మరో మేలు చేస్తున్నాయి: అచ్చు పోసి నకలు తీసేవాడు, ఒకే పట్టీతో అంచు చుట్టేవాడు వాటిని సరిగా పునరావృతం చేయలేరు.

రెండో నాణెం అంచులో కూడా ఎదురెదురు అతుకులు ఉన్నాయి. అయితే రాజు నడినెత్తికి పైన, గోరు వెడల్పున, నమూనా పూర్తిగా మాయమై నున్నగా ఉంది. అక్కడి రంగు కొద్దిగా పసుపుపచ్చ. ఆ చోట రింగు మాటు వేసి, తర్వాత ఎప్పుడో తీసేసి, ఆకురాయితో సాపు చేశారనడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు. మెక్సికో డాలర్లలో బొమ్మ నిటారుగా ఉన్నప్పుడు బొరుసు తలకిందులుగా ఉంటుంది. అందువల్ల నెత్తి మీద రింగు వేసిన మనిషి రాజు ముఖం బయటికి కనబడేలా మెడలో వేలాడదీయడానికే చేయించుకున్నాడని గట్టిగా చెప్పవచ్చు.

మూడో నాణెం అంచు చూడటానికి మొదటి రెండింటికన్నా అందంగా ఉంది. వలయాలన్నీ ఒకే లోతు, దీర్ఘచతురస్రాలన్నీ ఒకే కొలత, అతుకు ఎక్కడా లేదు. అంచు మధ్యగా వెంట్రుక మందాన ఒక గీత చుట్టూ తిరుగుతోంది. కొన్ని చోట్ల దాన్ని ఆకురాయితో తీసేయడానికి ప్రయత్నించిన జాడ ఉంది. రెండు ముక్కల మూసలో లోహం పోసినప్పుడు మూస కలిసే చోట పడే గీత అది. ముద్ర వేసిన నాణేనికి అలాంటి గీత ఉండదు.

తూకం, లోహం

1728 శాసనం తర్వాత ఎనిమిది రెయాళ్ల నాణేనికి నిర్ణయించిన తూకం 27.07 గ్రాములు. చెల్లుబాటులో అరిగిన నాణెం అంతకంటే కొంచెం తక్కువ తూగడం సహజం. నా త్రాసు మీద మొదటి నాణెం 26.74 గ్రాములు, రెండోది 26.61, మూడోది 26.63 వచ్చాయి. ఒక్క తూకమే ప్రమాణమైతే మూడో నాణెం రెండోదానికంటే మేలైనదని తేలేది. అందుకే ఏ ఒక్క పరీక్షతోనూ తీర్పు చెప్పకూడదని ఈ రంగంలోకి కొత్తగా వచ్చేవారికి పదేపదే చెబుతాను. నేటి నకిలీలలో మెరుగైనవి మందం కొద్దిగా పెంచి తూకం సరిచేస్తాయి. మూడో నాణేన్ని మిగతా రెండింటి పక్కన బల్ల మీద పెట్టినప్పుడు దాని మందం కంటికే తెలిసింది.

సాంద్రత చూడటానికి ఖరీదైన పరికరం అవసరం లేదు. నాణేన్ని సన్నని దారంతో కట్టి, గిన్నెలోని శుద్ధజలంలో అడుగుకూ పక్కలకూ తగలకుండా వేలాడదీసి, గాలిలో ఉన్న బరువుకంటే ఎంత తగ్గిందో చూడాలి. మొదటి తూకాన్ని ఆ తగ్గుదలతో భాగిస్తే సాంద్రత వస్తుంది. శుద్ధమైన వెండి సాంద్రత 10.49, రాగిది 8.96. స్పానిష్ డాలర్లలో ఉండే మిశ్రమానికి 10.3 చుట్టుపక్కల రావాలి. మొదటి నాణెం నీటిలో 2.59 గ్రాములు తగ్గి 10.32 చూపింది. రెండోది 10.27 దగ్గర ఆగింది. మూడోది ఏకంగా 2.98 గ్రాములు తగ్గి 8.94 వద్ద తేలింది. అది వెండి సాంద్రత కాదు, రాగి, నికెల్ మిశ్రమాలకు దగ్గరి సంఖ్య.

ఈ పద్ధతి హద్దులు కూడా చెప్పాలి. గ్రాములో నూరో వంతు వరకే చూపే త్రాసుతో 2.59 గ్రాముల తగ్గుదలను కొలిచినప్పుడు ఫలితంలో 0.04 దాకా తేడా రావచ్చు. వెండినీ రాగినీ విడదీయడానికి అది చాలు కానీ ఒక రాజు కాలపు మేలిమినీ మరో రాజు కాలపు మేలిమినీ విడదీయడానికి చాలదు. ఆ మేలిమి తేడాల వెనుక పెద్ద కథే ఉంది. 1497 ప్రమాణం వెయ్యికి సుమారు 930 పాళ్ల వెండి. 1728లో దాన్ని బహిరంగంగానే 917కు దించారు. 1772లో బొమ్మను మార్చి, స్తంభాల మధ్య రెండు భూగోళాలున్న పాత ముద్రకు బదులు రాజు తలను ముద్రించడం ప్రారంభించినప్పుడు, ఎవరికీ చెప్పకుండా 903కు తగ్గించారు. 1786లో మళ్లీ రహస్యంగానే 896కు దిగింది. అప్పటి ఐరోపా టంకశాలలలోని పరీక్షకులు ఈ తగ్గుదలలను పట్టుకోగలిగేవారు. అయినా తూకం, రూపం మారనందువల్లా, ఇంత పెద్ద మొత్తంలో దొరికే వెండి నాణెం మరొకటి లేనందువల్లా డాలరు తన స్థానాన్ని పోగొట్టుకోలేదు.

నగలకు హాల్‌మార్కు వేసే కేంద్రంలోని ఎక్స్‌రే యంత్రం మీద మూడింటినీ చూపించాను. ఈ యంత్రం పైపొరనే చదువుతుంది. పాత వెండి నాణెం పైపొరలో రాగి కొంత కరిగిపోయి వెండి పాలు ఎక్కువగా కనిపిస్తుంది కాబట్టి వచ్చిన అంకెను నాణెం అసలు మేలిమిగా తీసుకోకూడదు. నేను అక్కడ వెతికేది వెండి శాతం కంటే దాని వెంట ఉండే సూక్ష్మ లోహాలను. ఆ కాలపు శుద్ధి పద్ధతులతో వెండిలోని బంగారం, సీసం పూర్తిగా పోయేవి కావు. మొదటి రెండు నాణేలలోనూ వెండి, రాగితో పాటు బంగారం, సీసం జాడలు ఉన్నాయి. రెండో నాణెం నెత్తి మీది పసుపు మచ్చ దగ్గర మాత్రం జింకు కనిపించింది, అది కంసాలి వాడిన మాటు. మూడోదానిలో పలుచని వెండి పూత కింద రాగి, నికెల్, జింకు తేలాయి.

ఇక బొమ్మ, అక్షరాలు. మొదటి నాణెం మూడో కార్లోస్ పేరుతో 1783లో, రెండోది నాలుగో కార్లోస్ పేరుతో 1796లో వెలువడినవి. బొరుసు వైపు అక్షరాలలో ఎమ్ మీద చిన్న సున్నా ఉన్న గుర్తు మెక్సికో టంకశాలది. దాని పక్కన ఎనిమిది రెయాళ్ల విలువ, ఆ తర్వాత మేలిమికి బాధ్యత వహించిన ఇద్దరు పరీక్షకుల తొలి అక్షరాలు ఉంటాయి. 1783కు రెండు ఎఫ్‌లు, 1796కు ఎఫ్, ఎమ్ సరిగ్గా రావలసినవే. మూడో నాణెం మీద 1806, టి, హెచ్ ఉన్నాయి, అవీ ఆ సంవత్సరానికి సరిపోయేవే. అంటే నకిలీ చేసినవాడు అసలైన 1806 నాణెం నుంచే మూస తీశాడు. అక్షరాలు చదివి తీర్పు చెప్పేవారు ఇక్కడే మోసపోతారు. సంవత్సరానికీ రాజు పేరుకూ పొంతన లేని నకిలీలు కూడా సంతలో కనిపిస్తాయి, వాటిని పట్టుకోవడం తేలిక. అయితే పొంతన లేనట్టు కనిపించినదల్లా నకిలీ కాదు. మూడో కార్లోస్ 1788 డిసెంబరు 14న మరణించాడు. కొత్త రాజు ముఖచిత్రం సముద్రం దాటి వచ్చి అచ్చు తయారయ్యేదాకా మెక్సికోలో 1789, 1790 సంవత్సరాల నాణేలు కొడుకు పేరుతో, తండ్రి ముఖంతోనే వెలువడ్డాయి. ఆ నాణేలను సేకర్తలు ప్రత్యేకంగా వెతుక్కుంటారు.

షరాబుల ముద్రలు

మొదటి నాణెం విలువ నా దృష్టిలో దాని మీద ఉన్న చిన్న చిన్న గుంట ముద్రలలో ఉంది. రాజు చెంప మీద ఒకటి, ముక్కు ఎదుట ఖాళీ జాగాలో రెండు, బొరుసు వైపు డాలు మీద మరికొన్ని ఉన్నాయి. చెంప మీది ముద్ర చైనా లిపిలో పెద్ద అనే అర్థమిచ్చే అక్షరాన్ని పోలి ఉంది. ఈ గుర్తులను చూసి నాణెం పాడైపోయిందని కుటుంబ సభ్యులు బాధపడ్డారు. నిజానికి ఇవి ఆ నాణెం చేసిన ప్రయాణానికి చేతిరాత సాక్ష్యాలు.

1565లో ఆండ్రెస్ ది ఉర్దనేతా ఫిలిప్పీన్స్ నుంచి మెక్సికోకు తిరుగు దారి కనుగొన్నాక, మెక్సికో రేవు అకపుల్కో నుంచి మనీలాకు ఓడలు ఏటేటా వెండి మోశాయి. ఆ దారి 1815 దాకా నడిచింది. మనీలాలో ఆ వెండి ఇచ్చి చైనా వర్తకుల దగ్గర పట్టు, పింగాణీ కొనేవారు. చైనాను అప్పుడు ఏలిన మింగ్ వంశపు ప్రభుత్వం పన్నులను వెండిలో వసూలు చేయడం మొదలుపెట్టినందువల్ల చైనాలో వెండికి గిరాకీ తీరనిదిగా మారింది. బంగారంతో పోల్చినప్పుడు వెండికి ఐరోపాలోకంటే అక్కడ ఎక్కువ విలువ ఉండేది. చైనా వర్తకుడికి నాణెం మీది రాజుతో సంబంధం లేదు. లోపల రాగి పెట్టి పైన వెండి తొడిగిన దొంగ డాలర్లు కూడా వాడుకలో ఉండేవి. కాబట్టి షరాబు ప్రతి డాలరునూ పరీక్షించి, మంచిదని తేలాక తన గుర్తు కొట్టి హామీ ఇచ్చేవాడు. ఆ గుర్తు లోతుగా పడితే లోపలి లోహం కూడా బయటపడుతుంది. చేతులు మారిన కొద్దీ గుర్తులు పెరిగి, చివరికి కొన్ని డాలర్లు వంగి పగిలిపోయి ముక్కలుగా తూకానికి చెల్లేవి. చైనా రేవు కాంటన్ లెక్కలలో డాలరు ఒకటి సుమారు 0.72 తాయెల్ వెండికి సమానం. తాయెల్ అంటే చైనావారి తూకపు కొలత.

నిజమైన గుంట ముద్రను గుర్తుపట్టే పద్ధతిని కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే ఈ మధ్య ముద్రలున్న డాలర్లకు సేకర్తలలో ఆదరణ పెరిగి, వాటికీ నకిలీలు వస్తున్నాయి. మొదటి నాణెం చెంప మీది ముద్రను పక్కవాటు వెలుతురులో చూస్తే, గుంట చుట్టూ లోహం సన్నని గట్టులా లేచి కనిపిస్తుంది. దెబ్బకు పక్కకు జరిగిన వెండి అది. ఆ గట్టు పైభాగం మిగతా ముఖంతో సమానంగా అరిగి ఉంది, అంటే ముద్ర పడిన తర్వాత కూడా నాణెం చాలాకాలం చేతులు మారింది. నాణెం తిప్పి సరిగ్గా ఆ చోటు వెనుక చూస్తే, డాలులోని కోట గోడ కొద్దిగా చదునైంది. పైన దెబ్బ పడినప్పుడు కింద దాగలి మీద ఆనుకున్న చోటు అది. గుంట అడుగున పేరుకున్న నలుపు కూడా మిగతా నాణెం మీది నలుపుతో ఒకే తీరుగా ఉంది.

మూడో నాణెం మీద కూడా రెండు గుంట ముద్రలున్నాయి. వాటి చుట్టూ గట్టు లేదు, వెనుక చదును లేదు, గుంట అంచులు మైనంలో నొక్కినట్టు మొద్దుగా ఉన్నాయి. ముద్రలున్న అసలు నాణెం నుంచి మూస తీసినప్పుడు ఆ ముద్రలు కూడా బొమ్మలో భాగంగా వచ్చాయి. ఏ షరాబూ ఈ లోహం మీద సుత్తి ఎత్తలేదు.

మెక్సికో స్వతంత్రమయ్యాక 1823 నుంచి గద్ద బొమ్మతో కొత్త డాలర్లు వచ్చాయి. వాటిలో వెండి తక్కువేమీ లేదు. అయినా 1850ల దాకా చైనాలోని కొన్ని రేవులలో పాత కార్లోస్ డాలర్లనే ఎక్కువ ధరకు పుచ్చుకునేవారు. తయారీ ఆగిపోయి దశాబ్దాలు గడిచిన నాణేనికి కొత్త నాణెం కంటే విలువ ఎక్కువ పలకడం ద్రవ్య చరిత్రలో అరుదు. అలవాటైన రూపం మీద నమ్మకం ఎంత బలమైనదో చెప్పడానికి నేను ఎప్పుడూ ఈ ఉదాహరణనే ఎంచుకుంటాను.

ఇంటి కథకు ఆధారం

ముత్తాతగారి బర్మా కథ విషయంలో నాణేలు ఏం చెబుతున్నాయో జాగ్రత్తగా విడదీయాలి. స్పానిష్ వెండి కోరమాండల్ తీరానికి కొత్త కాదు. డచ్చివారు, వారి వెనుక 1611లో ఇంగ్లీషు కంపెనీ మచిలీపట్నంలో స్థావరాలు పెట్టినప్పుడు వారి పెట్టెలలో సరుకుకంటే ముఖ్యమైనవి ఈ ఎనిమిది రెయాళ్ల బిళ్లలే. మన కలంకారీ బట్టకు బదులుగా ఐరోపా ఇవ్వగలిగిన సరుకు అంతగా లేదు. అయితే ఆ డాలర్లు మన సంతలలో డాలర్లుగా తిరగలేదు. గోల్కొండ రాజ్యంలోనూ, తర్వాత మద్రాసు ప్రాంతంలోనూ పెద్ద వ్యవహారాలు బంగారు వరహాలలో నడిచేవి. డాలర్లను షరాబులు వెండిగా తూచి కొనేవారు, టంకశాలలు కరిగించి రూపాయలు కొట్టేవి. చైనా ఈ నాణేన్ని నాణెంగా వాడుకుంది, భారతదేశం దాన్ని లోహంగా మింగేసింది. ఇక్కడికి అన్ని డాలర్లు వచ్చినా మన నేలలో అవి నాణేలుగా మిగిలింది తక్కువ కావడానికి ప్రధాన కారణం ఇదే.

మద్రాసు టంకశాలలో 1807 తర్వాత వెలువడిన వెండి అర వరహాలు ఈ మింగడానికి కంటికి కనబడే రుజువులు. ఒకవైపు గుడి గోపురం, మరోవైపు విష్ణుమూర్తి, చుట్టూ ఇంగ్లీషు, పారసీ, తమిళ, తెలుగు లిపులలో విలువ రాసి ఉన్న ఆ నాణేలలో కొన్నింటిని స్పానిష్ డాలర్ల మీదే కొట్టారు. వెలుతురు సరిగా పడితే తెలుగు అక్షరాల కింద పాత ముద్ర జాడలు లేచి కనిపిస్తాయి. తెలుగు నేల సేకర్తకు స్పానిష్ డాలర్ల చరిత్రలో ఇంతకంటే దగ్గరి వస్తువు ఉండదని నా అభిప్రాయం. మద్రాసు నుంచి బయటికి వెళ్లిన డాలర్లు కూడా ఉన్నాయి. 1812లో ఇక్కడి నుంచి ఓడలో సిడ్నీ చేరిన 40,000 డాలర్లకు అక్కడి బ్రిటిష్ గవర్నర్ మాక్వారీ నడుమ చిల్లు పెట్టించి, 1813 ముద్రతో ఆ వలయాన్నీ, ఊడివచ్చిన మధ్య బిళ్లనూ వేర్వేరు విలువలకు చెలామణీలో పెట్టాడు. డబ్బు ఆ వలస రాజ్యాన్ని వదిలి వెళ్లకుండా ఆపడానికి అది ఆయన చేసిన ఉపాయం.

ఈ నేపథ్యంలో మొదటి నాణేన్ని చూస్తే, చైనా అక్షరాల గుర్తులున్న డాలరు తూర్పు సముద్రపు రేవులలో తిరిగిందని ధైర్యంగా చెప్పవచ్చు. పెనాంగ్, సింగపూర్ వర్తకంలో లెక్కలు డాలర్లలోనే ఉండేవి. బర్మాలో బ్రిటిష్ పాలన కింద రూపాయి చెల్లేది. కాబట్టి ముత్తాతగారు రంగూన్‌లో ఈ డాలరును జీతంగానో చిల్లరగానో పుచ్చుకుని ఉండరు. వెండి వస్తువుగా చైనా వర్తకుల దగ్గర కొని ఉండటానికి అవకాశం ఎక్కువ. గోదావరి తీరం నుంచి బర్మాకు, మలయాకు వెళ్లి తిరిగివచ్చిన తెలుగు కుటుంబాలు లెక్కలేనన్ని ఉన్నాయి కాబట్టి ఇంటి కథలో అసంభవమేమీ లేదు. నివేదికలో నేను రాసింది ఇంతవరకే: నాణెం తూర్పు ఆసియా వాడుకను రుజువు చేస్తుంది, ఇంటి కథతో అది పొసగుతుంది.

మూడో నాణెం సంగతి చెప్పినప్పుడు ఇంట్లో కొంతసేపు వాదన జరిగింది. చివరికి ఇంటి పెద్దావిడ, తన భర్త ఒక తీర్థంలో వీధి వ్యాపారి దగ్గర అలాంటి బిళ్ల కొని తెచ్చారనీ, పోలికగా ఉందని పాతవాటి సరసన పెట్టారనీ గుర్తుచేసుకున్నారు. వంశపారంపర్యంగా వచ్చిన పెట్టెలో ఉన్నంత మాత్రాన ప్రతి వస్తువూ ఒకే కాలానిది అనుకోవడం సరికాదు. సేకర్తలు కూడా పాత ఇళ్ల నుంచి వచ్చినవని చెప్పే మూటలను కొనేటప్పుడు ప్రతి నాణేన్నీ విడిగా పరీక్షించాలి.

తీసుకువెళ్లడం, దాచుకోవడం

అమెరికాలో ఉన్న కొడుకు ఆసక్తికి మంచి కారణమే ఉంది. అమెరికా డాలరుకు ఈ స్పానిష్ డాలరే మాతృక. 1792 నాటి నాణేల చట్టం దాని విలువ ఆధారంగానే తమ డాలరును నిర్వచించింది. 1857 దాకా అక్కడ స్పానిష్ డాలర్లు చట్టబద్ధంగా చెల్లాయి. అయినా నేను స్పష్టంగా వద్దని చెప్పవలసివచ్చింది. 1972 నాటి పురావస్తువులు, కళానిధుల చట్టం ప్రకారం వందేళ్లు దాటిన నాణెం పురావస్తువు కిందికి వస్తుంది. దాన్ని వ్యక్తులు దేశం దాటించడం నేరం. నాణెం ఎక్కడ తయారైందన్నది కాదు ప్రశ్న. ఇది భూమిలో దొరికిన నిధి కాదు కాబట్టి 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం కింద ప్రకటించవలసిన అవసరం లేదు, ఇంట్లో ఉంచుకోవడానికి అభ్యంతరమూ లేదు. అబ్బాయికి మంచి ఫొటోలు, నివేదిక ప్రతి పంపమన్నాను. అలాంటి డాలరే కావాలంటే అమెరికాలోని నాణేల వర్తకుల దగ్గర న్యాయంగా కొనుక్కోవచ్చు.

రెండో నాణేన్ని ఎప్పుడో చింతపండుతోనో విభూదితోనో తోమారు. ముఖమంతా ఒకే దిక్కున సన్నని గీతలు పడి, అసహజమైన తెలుపు వచ్చింది. ఆ నష్టం తిరిగిరాదు. మొదటిదాన్ని పండుగకు తోమి మెరిపించాలనే ఆలోచన ఇంట్లో అప్పటికే మొదలైంది కాబట్టి, దాని నలుపే దాని ప్రమాణపత్రమని నచ్చజెప్పాను. ఆ నలుపు పోతే గుంట ముద్రల వయసు చెప్పే ఆధారం కూడా పోతుంది. మెత్తని ప్లాస్టిక్ కవర్లు, రబ్బరు బ్యాండ్లు, వార్తాపత్రిక కాగితం వెండికి మంచివి కావు. ఆమ్లం లేని కాగితపు కవరులో ఒక్కో నాణేన్నీ విడిగా పెట్టి, డబ్బాలో సిలికా జెల్ సంచి వేసి, ఏటా వర్షాకాలం తర్వాత దాన్ని మార్చమని సూచించాను. సముద్రపు గాలి తగిలే ఊళ్లో ఇది తప్పనిసరి. నాణేన్ని ఎప్పుడూ అంచుల దగ్గరే పట్టుకోవాలి.

మూడింటి తూకం, సాంద్రత, అంచు ఫొటోలు, ఎక్స్‌రే ఫలితాలు నివేదికలో ఒకే పట్టికగా చేర్చాను. మూడో నాణేన్ని పారేస్తామన్నారు కానీ, పారేసినది మరొకరి చేతికి అసలుదిగా చేరే ప్రమాదం ఉంది కాబట్టి ఉంచమనే చెప్పాను. దాని కవరు మీద ఆధునిక నకలు, వెండి కాదు, సాంద్రత 8.94 అని చెరగని సిరాతో రాసి ఇచ్చాను.